తప్పు పక్క తలుపు

వ్యానక్క వ్యానుకు ఒకే ఒక్క దోషం. దాని తలుపు రోడ్డు మధ్యకు తెరుచుకుంటుంది.

ఒక్కటేగా, పోనిద్దురూ అనకండి. స్కూలు పిల్లల్ని తిప్పే బండికి అంతకన్నా పెద్ద దోషం ఇంకేముంటుంది? ఆ వ్యానును వేరే దేశంలో ఎవరో వాడి వాడి వదిలేస్తే ఓడెక్కి వచ్చింది. అక్కడ బళ్లు నడిచేది మనకు ఎదురు పక్కన. అందుకని స్టీరింగు ఇళ్ల పక్కకు వచ్చింది, పిల్లలెక్కే జరుపుడు తలుపేమో లారీల పక్కకు పోయింది. కొత్త వ్యాను ధర వింటేనే కళ్లు బైర్లు కమ్మాయి. ఓడల మీద వంటచేసే వ్యానక్క మొగుడు, గుడ్డిలో మెల్ల అనుకుని దీన్నే బేరమాడి తెచ్చాడు. తాళం పెళ్లాం చేతిలో పెట్టి మళ్లీ ఓడెక్కేశాడు.

ఆవిడ చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. జరుపుడు తలుపుకు లోపల గొళ్లెం బిగించింది. ప్రతి ఇంటి ముందూ ముందు తను దిగి, పిల్లల్ని తన సీటు మీదుగా ఒక్కొక్కళ్లనే దించేది. డ్రైవరు సీటు దాకా వచ్చిన పిల్ల ఊరికే దిగుతుందా? హారన్ కొట్టాకే దిగేది. వీధిలోవాళ్లు విసుక్కునేవారు గానీ, తల్లులకు మాత్రం ఆ మోత వింటేనే ప్రాణం కుదుటపడేది.

గొళ్లెం మీద బొత్తిగా నమ్మకం లేనిది అత్తగారికే. రోజూ వ్యానెక్కి ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చునేది. దారి పొడుగునా ఒకటే సణుగుడు.

"ఎవరో వాడి పారేసిన చెత్తను మనం నెత్తిన పెట్టుకోవాలటే? అసలీ పాత బళ్లను దేశంలోకి రానివ్వకూడదు."

"రానివ్వకపోతే మనలాంటివాళ్లం జన్మలో బండి మొహం చూస్తామా అత్తయ్యా?"

"చూడకపోతే చస్తామా?"

"చావం. పస్తులుంటాం. అంతే!"

సర్కారులో పైవాళ్ల దగ్గరా ఇదే తగవు. వాడిన బళ్లను బయటి నుంచి రానివ్వాలా వద్దా అని నెలల తరబడి తేలడం లేదు. కొత్తగా రావడం ఆపడమే కాదు, ఉన్న ఎదురు స్టీరింగు బళ్లను కూడా రోడ్డెక్కనివ్వరని పుకారు లేచింది. ఆ మాట విన్నప్పటి నుంచి వ్యానక్కకు ముద్ద దిగడం లేదు. వ్యాను ఆగితే ఇల్లు ఆగిపోతుంది మరి.

ఆ సమయంలోనే, పెద్ద కూడలి దగ్గర వ్యాను గుంతలో పడి ఎగిరింది. గొళ్లెం ఊడింది. తలుపు బర్రున జరిగిపోయింది. అత్తగారు వెనక్కి ఒరిగిపోతూనే ఒక చేత్తో సీటు కమ్మీని, ఇంకో చేత్తో ఒకటో తరగతి పిల్ల గౌనును పట్టేసుకుంది. పక్క నుంచి దూసుకుపోయిన లారీ గాలికి ఆవిడ జుట్టు ముడి వీడిపోయింది.

పిల్లలందర్నీ జాగ్రత్తగా ఇళ్లకు చేర్చాక వ్యానక్క బండి ఆపి బావురుమంది.

"వద్దత్తయ్యా, ఇంక ఈ బండి వద్దు. ఆ పిల్లకేమన్నా అయ్యుంటే?"

ఈసారి అత్తగారు సణగలేదు. "బండి మీద కాదే నా కోపం, ఆ తలుపు మీద. రోజూ గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటున్నాను. చెబితే నీకు చేతులు వణుకుతాయని, దాన్ని తిడుతూ గడిపేశాను."

"ఈ పక్కకు మార్పిద్దామంటే, అనుమతి లేకుండా బాడీ కోస్తే బండే పట్టుకుపోతారాయె."

"తెలుసులే. అందుకేగా నేను కాపలా కూర్చుంది."

మర్నాడు వ్యానక్క ఇంటింటికీ వెళ్లి, పిల్లల్ని ఇక మీరే దింపుకోండని చెప్పేసింది. వ్యాను ఇంటి ముందు దుమ్ము కొట్టుకుంటూ నిలబడింది.

ఆ వారంలోనే నిర్ణయం వచ్చింది. అత్తాకోడళ్లు వంటింట్లో రేడియో ముందు కూర్చున్నారు. వాడిన బళ్లు రావచ్చు అన్నారు. కోడలు అత్తగారి వంక చూసింది. ఇకపై స్టీరింగు మన పక్కనున్నవే రావాలి అన్నారు. ఈసారి అత్తగారు కోడలి వంక చూసింది. ఇప్పటికే వచ్చేసిన ఎదురు బళ్ల సంగతి చెప్పబోతూ వార్తలు చదివేవాడు దగ్గాడు.

"ఆ దగ్గేదో తర్వాత దగ్గరాదూ, నీ మొహం మండా!" అంది అత్తగారు.

ఉన్న బళ్లు తిరగొచ్చు. పిల్లలెక్కే బళ్లకు మాత్రం తలుపు ఇళ్ల పక్కకు మార్పించాలి, అందుకు అనుమతి ఇస్తారు. వ్యానక్కకు ప్రాణం లేచొచ్చింది. అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తూనే నవ్వింది.

షెడ్డు మేస్త్రీ తుక్కు బళ్లలోంచి ఒక తలుపు వెతికి తెచ్చి ఇళ్ల పక్కన బిగించాడు. రోడ్డు పక్క తలుపు మీద రేకు వేసి అతికేశాడు. వ్యాను నీలం, కొత్త తలుపు తెలుపు. అతుకుల బొంతలా ఉన్నా వ్యానక్క కళ్లకు పెళ్లికూతురే.

పిల్లలందరూ మళ్లీ వచ్చారు. మొదటి రోజు సాయంత్రం, మొదటి ఇంటి ముందు వ్యానక్క తెల్ల తలుపు తీసింది. ఒకటో తరగతి పిల్ల మొహం ముడుచుకుంది.

"మరి హారన్ కొట్టొద్దా అక్కా?"

"ఇవాళ్టికి వద్దమ్మా," అంటూ వ్యానక్క లోపలికి చూపించింది.

అతికిన రేకుకు తల ఆనించి, నోరు తెరుచుకుని, అత్తగారు హాయిగా గురకపెడుతోంది. ఇన్నాళ్లలో ఆ వ్యానులో ఆవిడ కన్ను మూయడం అదే మొదటిసారి. పిల్ల ఒక్క క్షణం చూసి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా దిగింది.