గుండు రాజకుమారి

మా ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆమె గురించి మంచి మాటలు చాలా చెప్పారు. ఓర్పు గల మనిషి అన్నారు, ఇంటికి దీపం అన్నారు. వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. కానీ ఆ మాటలు ఏ ఇంట్లో ఎవరు పోయినా పనికొస్తాయి. ఆమెకు తప్ప మరొకరికి సరిపోని సంగతి ఒకటుంది. బతికిన చివరి ఏడాది ఆమె ఒక రాజకుమారి. ఆదివారం మధ్యాహ్నాలు, తిరుత్తణిలో మా ఇంటి ముందుగదిలో, చాప మీద.

అది ఒక ఆట. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి బళ్ళో స్నేహితురాలి దగ్గర నేర్చుకుని ఇంటికి తెచ్చింది. దానికి గళ్ళు గీసిన అట్ట ఉండదు, పావులు ఉండవు. ఒకరు కథ చెప్తారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఆ కథలోకి దిగుతారు. 'ముందర ఏరుంది, ఇప్పుడు నువ్వేం చేస్తావు?' అని కథ చెప్పేవాళ్ళు అడిగితే, పాత్ర తీసుకున్నవాళ్ళు జవాబు చెప్పాలి. చెప్పింది జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా ఆవిడ దాన్ని దాయం అనేది. నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మా అమ్మాయి దాన్ని చదివి స్నేహితురాలికి తమిళంలో, మిగిలినవాళ్ళకి తెలుగులో చెప్పేది. కథ చెప్పే పని ఎప్పుడూ తనదే.

ఆడేవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆ స్నేహితురాలు. ఆమెది మంత్రగత్తె పాత్ర. రెండోవాడు మా ఆవిడ అన్న కొడుకు, మాకు అల్లుడి వరస. అత్తిమంజేరిపేట నుంచి బస్సెక్కి వచ్చేవాడు. వాడు దొంగ. పక్కన మంచం మీద పడుకున్న మా ఆవిడ ఊరికే ఉండేది కాదు. ఏరు దాటేది అట్ల కాదు, ఆ ముసలామెని నమ్మొద్దు అని మధ్యలో సలహాలు చెప్పేది. ఒకరోజు మా అమ్మాయికి విసుగొచ్చింది.

"అన్నీ తెలిసినదానివి నువ్వే దిగి ఆడమ్మా."

"దిగితే ఏమిస్తారు నాకు?"

"ఎవరుగా ఉండల్లనుకుంటే వాళ్ళుగా ఉండొచ్చు."

"అయితే రాజకుమారి," అంటూ మంచం దిగింది.

అల్లుడు నవ్వాడు. "అత్తా, రాజకుమారి కత్తి పట్టదు, చెట్టెక్కదు. సుమ్మా ఊరికే కిటికీలో కూర్చోనుంటాది. మేము పోయి ఇడిపించల్ల."

"నిన్ను నమ్ముకుంటే అది కిటికీలోనే ముసల్ది అయిపోతాది లేరా."

అప్పటికి ఆమెకు గుండు. చెన్నై ఆస్పత్రిలో మందు ఎక్కించడం మొదలయ్యాక జుట్టు రాలసాగింది. రాలినంత రాలనీ అని చూడకుండా మంగలిని పిలిపించి గీయించుకుంది. తలకు చందనం పూసుకుంది. మా ఊళ్ళో చందనం పూసిన గుండు కంటే మామూలు విషయం లేదు. కొండ మీద గుళ్ళో జుట్టిచ్చి మొక్కు తీర్చుకుని దిగేవాళ్ళు రోజూ కనబడుతూనే ఉంటారు. అందుకని వీధిలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినవాళ్ళు కూడా మొక్కు గురించే అడిగారు.

ఆస్పత్రికి పోయే రోజుల్లో ఇద్దరం రైల్లో వెళ్ళేవాళ్ళం. రోజూ ఆఫీసుకు దిగే తిరువళ్ళూరులో దిగకుండా ముందుకు పోవడం నాకు కొత్తగా ఉండేది. ఒకసారి తిరునిన్రవూరులో జనం తోసుకుని ఎక్కారు. ఒక పెద్దావిడ మా ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చుంది. మేము మాట్లాడుకోవడం విని తెలుగులోనే మొదలుపెట్టింది.

"కొండ మీద ఇచ్చినారా?"

"ఆఁ."

"ఏం మొక్కో?"

"ఇంట్లోవాళ్ళు బాగుండల్లని."

"మంచి పని చేసినావు. మా కోడలికి చెప్తే ఇనదు. జడ పోతాదంట."

"జడే కదమ్మా, మళ్ళా వస్తాదని చెప్పండి."

రైలు దిగాక, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. నాకు మేనమామ కూతురు ఆమె, చిన్నప్పటి నుంచి బావా అనే పిలుస్తుంది. "నేను యాడ చెప్పినా బావా? ఆయమ్మే అడిగింది, ఆయమ్మే నమ్మింది. ఇంట్లోవాళ్ళు బాగుండల్లనుకునేది అబద్ధమా?" అంది. 

ఆటలో ఎవరి పాత్రకు వాళ్ళు ఒక కాగితం పెట్టుకోవాలి. మా అమ్మాయి అమ్మ కోసం మోకాళ్ళ దాకా జడ ఉన్న రాజకుమారి బొమ్మ గీసింది. మా ఆవిడ రబ్బరు తీసుకుని జడ చెరిపేసింది.

"ఏల ఆంటీ?" అంది స్నేహితురాలు, వచ్చీరాని తెలుగులో.

"సవతి తల్లి కోటలోంచి తరిమేసింది కదా. నగలు లాక్కునింది, గుర్రాన్ని లాక్కునింది. దీనికి మిగిలింది జుట్టొకటే. దోవలో కొండ కనబడితే అది ఇచ్చేసి బయల్దేరింది."

గుండు రాజకుమారి అని పేరు పెట్టింది అల్లుడు. ఆ పేరే నిలిచింది.

ఆ కాగితంలో బలం, తెలివి, చురుకు వగైరాలకు మార్కులు పంచుకోవాలి. వాటిలో ఒకదాన్ని తెలుగులో ఏమనాలో తెలియక మా అమ్మాయి 'తట్టుకునేది' అంది. మా ఆవిడ ఉన్న మార్కుల్లో చాలావాటిని అందులోనే వేసింది. బలానికి దాదాపు ఏమీ మిగల్లేదు. దాంతో ఆమె రాజకుమారి ప్రతి చోటా ఓడిపోయేది. బావిలో పడింది. ఏనుగు మీద నుంచి పడింది. రాక్షసుడితో యుద్ధానికి పోయి వాడికే పట్టుబడింది. నిన్ను ఇక్కడ కట్టేస్తానని మా అమ్మాయి రాక్షసుడి గొంతుతో గర్జించింది. ఇప్పుడేం చేస్తావని అడిగింది.

"కట్టేసేది తర్వాత. వంటిల్లు యాడుండాది?" అంది మా ఆవిడ.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు రాజకుమారి రాక్షసుడి ఇంట్లో సంగటి కెలికింది. అడుగంటించి తిట్లు తిన్నది. వాడి పంటి నొప్పికి లవంగం పెట్టింది. ఆమె వెళ్ళిపోయే రోజు రాక్షసుడు దారిలో తినమని మూట కట్టి ఇచ్చాడు. ఇవేవీ నియమాల పుస్తకంలో లేవు. ఆడింది వాళ్ళు, నవ్వింది వాళ్ళు. నేను పక్కగదిలో పుస్తకం పట్టుకుని వినేవాణ్ణి.

పుస్తకంలో లేని ఇంకో నియమాన్ని మా అమ్మాయి కలిపింది. ఆడి కృత్తిక పండగకు కావళ్ళు మోసుకుని జనం మా వీధిలో కొండకు పోతున్న రోజుల్లో పెట్టింది. పాచిక వేసే ముందు ఎవరైనా మొక్కుకోవచ్చు. పని జరిగితే మొక్కింది అక్కడికక్కడే ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఆ రాజ్యంలో వాళ్ళకి గుక్కెడు నీళ్ళు పుట్టవు. మొక్కు ఎంత పెద్దదైతే పాచిక మీద అంత ఎక్కువ కలుస్తుంది. ఈ ఆటను కనిపెట్టినవాళ్ళకి ఇది తట్టి ఉండదు. మా ఊరి పిల్లకు తట్టకుండా ఉండదు.

అల్లుడు ప్రతిసారీ ఒక టెంకాయ మొక్కేవాడు.

"టెంకాయకి కొండ దిగొస్తాడారా నీ దేవుడు?" అనేది మా ఆవిడ. తను మాత్రం చెప్పులు మొక్కింది. తర్వాత ఉంగరం మొక్కింది. ఒకసారి తనని రాజకుమారి అని పిలిపించుకునే హక్కునే మొక్కేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆటలో అందరూ ఆమెను 'ఏమ్మే' అని పిలిచారు. ఆమెకు అది నచ్చింది కూడా.

చివరిసారి ఆడినప్పుడు ముగ్గురూ ఒక రాజ్యం సరిహద్దు దగ్గరకు వచ్చారు. నెల్లూరు వైపు పోతుంటే ఎలవూరు చెక్‌పోస్టులో బస్సు ఆగినప్పుడు మా అమ్మాయి చూసినదంతా ఆ కథలో ఉంది. అడ్డకర్ర, లారీల వరస, కాగితాలు అడిగే అధికారి, అన్నీ. దొంగ, మంత్రగత్తె దాటిపోయారు. రాజకుమారి వంతు వచ్చింది. మా ఆవిడ పాచిక చేతిలోకి తీసుకుని, "ఈడ ఆపుదాము పాపా, నిద్రొస్తా ఉండాది," అంది. మరుసటి ఆదివారానికి ఆస్పత్రిలో ఉంది. తిరిగి రాలేదు.

కర్మలు అయ్యాయి. అమ్మాయి బడికి పోయింది. మార్కులు తగ్గలేదు. ఏడవడం కూడా పెద్దగా లేదు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేది. ఆట సామాను అలమారలో పెట్టేసింది. నాకు ఏం చేయాలో తెలియలేదు. చదివిన పుస్తకాల్లో ఇలాంటి ఇళ్ళ గురించి చాలా ఉంది. ఏదీ పనికి రాలేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం అల్లుడూ స్నేహితురాలూ కూడబలుక్కుని వచ్చారు. మొదలుపెట్టిన కథ ముగించాలన్నారు. మా అమ్మాయి సరేనని చాప పరిచి, వాళ్ళు కూర్చోకముందే చెప్పేసింది.

"రెండు మాటలు. ఒకటి, ఇంక మొక్కులు లేవు. ఆ రూలు తీసేసినా. రెండు, రాజకుమారి ఇయ్యాల చచ్చిపోతాది. గేటు కాడ వాళ్ళు కాల్చేస్తారు. ఆ తర్వాత మీ కథ."

స్నేహితురాలు తల దించుకుంది. అల్లుడు ఊరుకోలేదు.

"అత్త పోయిందని దాన్ని ఏల చంపేది?"

"ఆడేవాళ్ళు లేకపోతే పాత్ర ఏమైతాది? పుస్తకంలో సూడు."

"పుస్తకంలో రాక్షసుడు సంగటి తింటాడని ఉండాదా?"

మా అమ్మాయి పెన్సిలు గట్టిగా పట్టుకుంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. వాళ్ళ ఆటలో నేనెప్పుడూ తల దూర్చలేదు. కానీ ఇప్పుడు మా అమ్మాయి రాజకుమారి కాగితాన్ని కొట్టేస్తే, ఆ తర్వాత అలమార మళ్ళీ తెరవదని నాకు అనిపించింది. ఆట ఆగిపోతుందని కాదు. ఆ ఆట తప్ప మా ఇంట్లో ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడే చోటు ఇంకొకటి మిగల్లేదు.

"దాయం వెయ్యకుండా ఎట్ల చచ్చిపోతాది?" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

"ఎవరేసేది?" అంది అమ్మాయి.

"నేనేస్తా."

"నీకు ఆడేది రాదు."

"మీ అమ్మకి మాత్రం వచ్చా?"

అల్లుడికి నవ్వొచ్చి ఆపుకున్నాడు. మా అమ్మాయి చాప మీద చోటు చూపించింది. పాచిక పోకుండా ఒక స్టీలు డబ్బా మూతలో వేస్తారు. నేను వేశాను. మూతలో చాలాసేపు మోగి ఆగింది. ఆరు.

అల్లుడు వంగి చూశాడు. "చచ్చేదానికి జాస్తి, దాటేదానికి తక్కువ," అన్నాడు.

మా అమ్మాయి ఆ అంకె కాగితం మీద రాసుకుంది. తర్వాత, "కాల్చలేదు. గేటు తియ్యలేదు. ఈతట్టే ఉండాది, ఈ పక్కనే," అని, నా ముఖం చూడకుండా అడిగింది. "ఇప్పుడు ఏం చేస్తాది?"

మా ఆవిడ అయితే ఏం చెప్పేదో నాకు తెలుసుననుకున్నాను. "అధికారికి అన్నం వండి పెడతానంటుంది," అన్నాను.

"అది అమ్మ మాట."

"అవును."

"అమ్మ మాట నువ్వు చెప్పొద్దు నాయనా."

గట్టిగా అనలేదు.  నేను ఏ మాట చెప్పగలను? పాతికేళ్ళుగా తిరువళ్ళూరు ఆఫీసులో నేను చూసింది అర్జీలు. తెలిసిందీ అదే.

"అర్జీ పెడుతుంది," అన్నాను.

"రాజకుమారి అర్జీ పెడతాదా మామా?" అల్లుడు నోరెళ్ళబెట్టాడు. "కత్తి వద్దు, మంత్రం వద్దు, అర్జీనా?"

"రెండు కాపీలు," అన్నాను.

స్నేహితురాలు చున్నీతో నోరు మూసుకుంది. మా అమ్మాయి నవ్వలేదు. నడుము నిటారుగా పెట్టి, గొంతు మార్చి, చెక్‌పోస్టు అధికారి అయింది.

"ఏం రాసినావు దాంట్లో?"

"సవతి తల్లి వల్ల ఇల్లు వదలవలసి వచ్చినదనీ, కాలినడకన ఇంత దూరం వచ్చినదనీ, అవతల తనకు తెలిసినవాళ్ళు ఇద్దరు ఉన్నారనీ, దయచేసి దాటనివ్వమనీ."

"తెలిసినవాళ్ళు ఎవరు?"

"ఒక దొంగ," అన్నాను. అల్లుడు చెయ్యెత్తాడు.

"దొంగని సాక్షిగా పెట్టుకోని అర్జీ ఇస్తావా?"

"ఉన్నవాళ్ళనే కదా పెట్టుకునేది."

అధికారి అర్జీ అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడో సంతకం లేదంది. పెట్టాను. స్టాంపు అతికించలేదంది. అతికించాను. మా ఆఫీసు పద్ధతులు ఎవరు నేర్పారో దీనికి అనుకున్నాను. నేనే ఇంట్లో రోజూ చెప్పుకునేవాణ్ణి, అది విన్నది.

"ఇయ్యాల సారు లేడు. రేపు రా," అంది.

అల్లుడు తల పట్టుకున్నాడు. "మామా, లంచం అడుగుతా ఉండాది."

"ఇవ్వను," అన్నాను. "రాజకుమారి ఇక్కడే కూర్చుంటుంది."

"యాడ?"

"మీ మెట్టు మీద. గేటుకి అడ్డం లేకుండా."

"ఎంతసేపు?"

"మీ ఆఫీసు మూసేదాకా."

మా అమ్మాయి రాజకుమారి కాగితం ముందుకు లాక్కుని, ఉన్న చోటు అనే గడిలో పాతది చెరిపి 'మెట్టు' అని తమిళ అక్షరాల్లో రాసింది. రాసి, రబ్బరు ముక్కలు ఊదేసింది.

"మా ఆఫీసు మూసేది లేదు నాయనా," అంది. తర్వాత అల్లుడి వైపు తిరిగి, అవతల పక్క నువ్వేం చేస్తా ఉండావురా అని అడిగింది.