అంజవ్వ దించిన బోర్డు

కామారెడ్డిలో నేను పనిచేసే బట్టల మాల్‌లో పొద్దున్నే కొత్త సరుకు కట్టలు విప్పుతాం. ప్లాస్టిక్ సంచి చింపగానే గంజి వాసన, దాని వెనకే పచ్చి రంగు వాసన గుప్పుమంటాయి. తోటివాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఎల్లారెడ్డి బజారులోని అంజవ్వ గుర్తొస్తుంది. ఆమె పోయి ఏడాది కావస్తున్నా, తలుచుకున్నప్పుడల్లా ప్రేమకంటే ముందు చిరాకే వస్తుంది. అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బీడీల పని తగ్గిపోయి ఇల్లు గడవనప్పుడు ఆమె బట్టల దుకాణంలో పనికి చేరాను. అప్పటికే నాకు పెళ్లయి, ఇద్దరు పిల్లలు. పిల్లాజెల్లా లేని అంజవ్వ, భర్త పోయాక ఆ దుకాణాన్ని ఒంటిచేత్తో నడిపేది. బోర్డు మీద మాత్రం ఆయన పేరే ఉండేది. గాంధారి వైపు తండాల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లే ఆమె గిరాకీ. చేరిన కొత్తలోనే నాకు ఒళ్లు మండింది. ఒకావిడ పెళ్లికని చీర ఎంచుకుని కొనబోతుంటే అంజవ్వ అడ్డుపడింది. "అది తీసుకోకు బిడ్డా, ఉతికితే రంగు పోతది." ఆవిడకు ఇంకేదీ నచ్చక వెళ్లిపోయింది. "గట్ల చెప్తే దుకాణం ఎట్ల నడుస్తదవ్వా?" అన్నాను. "రంగు పోయినంక ఆమె మల్ల నా మొఖం చూడాలె గదనే," అంది.

ఆ తండాల వాళ్లే క్రమంగా రావడం తగ్గించారు. చేతిలో పైసలు ఆడనప్పుడు మనిషి మొదట మానుకునేది కొత్త బట్టలనే. కొనగలిగినవాళ్లు కామారెడ్డి మాల్‌లకు పోయారు. మిగిలినవాళ్లు వచ్చి, గుడ్డ నలిపి చూసి, ఫోటో తీసుకుని, ఇంటికెళ్లి ఫోన్లో తెప్పించుకునేవారు. అలాంటి వాళ్లకు కూడా అంజవ్వ నా చేత మంచినీళ్లు ఇప్పించేది. నేను గొణుక్కుంటూ ఇచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆమె నాకు వీపు తిప్పి అన్నం తింటుంటే తొంగిచూశాను. గిన్నెలో కారం కలిపిన మెతుకులు తప్ప ఏమీ లేవు. నాకు జీతం మాత్రం ఆపలేదు. ఆ రోజే గట్టిగా చెప్పాను, "దుకాణం మూసెయ్యవ్వా, పింఛన్‌కు పెట్టుకుందాం." అంజవ్వ మిగిలిన సరుకును సంతల్లో తిరిగే వ్యాపారికి అమ్మేసి షట్టర్ దించింది.

పింఛన్ రాలేదు. తనిఖీకి వచ్చిన మనిషి రోడ్డు మీదే నిలబడి బోర్డును ఫోటో తీసుకుని వెళ్లాడట. షట్టర్ ఎత్తించి లోపల చూడనే లేదు. దుకాణం నడుస్తోందని రాసేశాడు. ఎల్లారెడ్డిలో అడిగితే కామారెడ్డికి పొమ్మన్నారు, కామారెడ్డిలో అడిగితే ఎల్లారెడ్డికే పొమ్మన్నారు. ఆ బస్సుల్లో తిరిగి తిరిగి నాకు విసుగు పుట్టింది. చివరికి ఆఫీసులో ఆ మనిషే దొరికాడు. నేను చేతులు జోడించి బతిమాలబోయాను. అంజవ్వ నన్ను పక్కకు నెట్టి, "దుకాణం నడుస్తున్నదంటవ్ గద సారూ, వచ్చి ఒక చీర కొనుక్కపో," అంది. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "ముందు బోర్డు తీసెయ్యమ్మా," అన్నాడు.

అంజవ్వ తీయనంది. "లోపల ఖాళీగున్నది. వచ్చి చూడమను. బోర్డు నేనెందుకు తియ్యాలె?" ఆమె మాట నిజమే. కానీ నిజాన్ని పొయ్యి మీద పెట్టి ఉడికించలేం కదా. నెలలు గడిచాయి. నేను పంపిన కూర గిన్నెను తిప్పి పంపేది. ఒక రోజు ఓపిక నశించి, "బోర్డు అన్నం పెడ్తదా అవ్వా? తెల్లారకముందే మా ఆయన వచ్చి దించుతడు, ఎవ్వలకు తెల్వది," అన్నాను. అప్పుడు కోపంతో ఊగిపోయింది. "దొంగతనంగ ఎందుకే? నేనేం తప్పు చేసిన?"

అంగడి రోజు, బజారు కిటకిటలాడే మిట్టమధ్యాహ్నం, తానే నిచ్చెన వేసుకుని ఎక్కింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. చీర కొంగు నడుముకు చుట్టి, ఒక్కో మేకూ ఊడబీకుతుంటే జనం ఆగి చూశారు. పక్కనున్న గిన్నెల దుకాణం ఆయన నొచ్చుకుంటూ, "పొద్దుగూకినంక దించితే అయిపోతుండె గద వదినా, నలుగురు చూస్తున్నరు," అన్నాడు. "చూడనియ్యి. రేపు నీది దించేటప్పుడు ఎట్ల దించాల్నో తెలుస్తది," అంది పైనుంచే. ఆయన మొహం మాడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు నాకు మాత్రమే కనిపించాయి.

ఆ తర్వాత కూడా ఇంకా చాలాసార్లు తిరిగితే గానీ పింఛన్ మంజూరు కాలేదు. నెలనెలా పింఛన్ పైసలిచ్చే చోట వేలిముద్ర పడలేదని, రేపు రమ్మని ఎవరైనా అంటే, "వేళ్లు నావే, మిషన్ మీది," అని అక్కడే కూర్చునేది. వెనక వరుసలో ఉన్న ముసలివాళ్లు కూడా కూర్చునేవారు. నేను సిగ్గుతో తల పట్టుకునేదాన్ని.

అంజవ్వ దుకాణం మూశాక నేను చేరిన ఈ మాల్‌కు కూడా ఇప్పుడు గిరాకీ పడిపోయింది. మొన్న మేనేజర్ మాలో కొందరిని ఒక్కొక్కరినీ గోదాములోకి పిలిచి, వచ్చే నెల నుంచి రావద్దని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. వెళ్లినవాళ్లు ఏదో నేరం చేసినట్టు కళ్లు దించుకుని వస్తున్నారు. నా వంతు వచ్చింది. "గీ మాట బయట అందరి ముందర చెప్పుండ్రి సార్. మేమేం తప్పు చెయ్యలె," అన్నాను. ఆయన బయటికొచ్చి, అందరి ముందూ నిలబడి చెప్పాడు. పని నిలవలేదు. ఆ సాయంత్రం మేమంతా సరుకు దించే వెనక దారిన కాకుండా, కొనేవాళ్లు వచ్చే ముందరి తలుపులోంచే, రేపు పని ఎక్కడ అడగాలో గట్టిగా మాట్లాడుకుంటూ బయటికి నడిచాం.