సబ్బుల కొట్టు సంగతి

మా పెద్దమ్మ కూతురు దుఫీ కుమాసీలో చరిత్ర పాఠాలు చెప్పేది. సైనికులు గద్దెనెక్కిన కాలం మా ఘనా మనుషుల్ని ఎలా మార్చిందన్నదే ఆవిడ పరిశోధన. రాజధానిలో ఎవరు ఎవర్ని దించారన్నది ఆవిడకు పట్టేది కాదు. బజార్లో ఎవరు ఎవర్ని కొట్టారో, చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేశారో తెలియాలనేది.

ఆ రోజుల్లో సరుకుల ధర సైన్యమే చెప్పేది. అంతకు మించి అమ్మారని, సరుకు దాచారని ఆడవాళ్ళను బజారు మధ్య బల్ల మీద పడుకోబెట్టి కొరడాతో కొట్టేవాళ్ళు. దెబ్బలు తిన్నవాళ్ళలో చాలామంది ఇంకా అక్కడే అమ్ముకుంటున్నా, ఒక్కరూ నోరు విప్పలేదు. దుఫీ అక్క వాళ్ళ పక్కన కూర్చుని టమాటాలు ఏరిపెట్టేది. చివరికి అందరూ మామె, అంటే అమ్మ, అని పిలిచే ముసలావిడ సర్ఫోవా మాట్లాడింది. అప్పట్లో ఆవిడది సబ్బుల కొట్టు.

"నన్ను కొట్టినవాడు పరాయివాడు కాదు తల్లీ. మన యాసే. కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది. పక్కవాడు అంపోఫో అని పిలిచాడు."

అక్క కలం మూసి లేచింది. అంపోఫో ఆవిడ సొంత అన్న. తండ్రి పోయాక సైన్యం జీతంతో ఆవిడను చదివించినవాడు.

నన్ను తోడు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన పెరట్లో కోళ్ళకు మేత వేస్తున్నాడు. బుకాయిస్తాడనుకున్నాను. చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కొట్టాను. పైవాళ్ళు చెప్పినదానికన్నా ఎక్కువే కొట్టాను. అమ్మ సబ్బు కోసం పొద్దున్నించీ నిలబడితే, మొహం మీదే తలుపేసింది ఆ మనిషి. లోపల పెట్టెలకు పెట్టెలున్నాయి. అయినా నువ్వూ ఉన్నావుగా అక్కడ? మీ బడి పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నువ్వూ కొట్టావు, చూశాను."

అక్కకు అది గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఆవిడను ఎక్కువ భయపెట్టింది.

అన్నీ రాసింది: అన్న పేరు, సబ్బు, తన చప్పట్లు. మా కుటుంబ పెద్ద, మేనమామ, పిలిపించి ఇంటి గుట్టు బయట పెట్టొద్దన్నాడు. "నడిబజార్లో జరిగినదానికి గుట్టేంటి మామయ్యా?" అంది. తర్వాత పిన్ని అంత్యక్రియల్లో అక్కకు మావాళ్ళెవరూ కుర్చీ వెయ్యలేదు.

అచ్చుకు ముందు మామెకు చదివి వినిపించింది. ముసలావిడ అంతా విని, "సబ్బు సంగతి ఎందుకు రాశావు?" అంది.

"నిజం కాదా మామె?"

"నిజమే, దాచాను. వాళ్ళు చెప్పిన ధరకు అమ్మితే నా పిల్లలు ఏం తినాలి? ఇది చదివినవాళ్ళు దీనికి అలా కావాల్సిందే అంటారు. నన్ను మళ్ళీ ఆ బల్ల మీద పడుకోబెడతావా?"

అక్క ఆ మాటలూ పుస్తకంలో చేర్చింది కానీ, సబ్బు సంగతి తీసెయ్యలేదు. మామె భయపడ్డట్టే అయింది. పుస్తకం వచ్చాక అక్క తరగతిలో ఒక కుర్రాడు లేచి, సరుకు దాచినవాళ్ళకు ఆ మాత్రం పడాల్సిందే మేడమ్ అన్నాడు. కొందరు తలూపారు. ఆ మాట బజారుదాకా వెళ్ళింది. అక్క కొట్టుకు వెళితే మామె ఇటు తిరగలేదు.

ఇప్పుడు రిటైరయ్యి, ఉత్తరాన తమాలే ఊరి బజారు ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పేది రాసుకుంటోంది. రాసింది ముందు వాళ్ళకు వినిపించి, తర్వాతే దాచుకుంటోంది.

"సగం కొట్టెయ్యమంటున్నారే," అంది మొన్న ఫోన్లో.

ఏం చేశావని అడిగాను. కొట్టేశానంది.