రజియా అక్క ఆపిన పాట

కరెంటు పోయి ఫ్యాను రెక్కలు నెమ్మదిస్తూ ఆగిపోయే చప్పుడు వింటే ఇప్పటికీ నా చెవులు వాటంతటవే నిక్కుతాయి. జనగామలో రజియా అక్క రికార్డింగ్ గదిలో పని అలాగే మొదలయ్యేది. నడి ఎండాకాలంలోనైనా ముందు ఫ్యాను కట్టేసేది. రెక్కలు పూర్తిగా ఆగాకే మైకు తెరిచేది. తండ్రి చనిపోయాక తనకు మిగిలిన ఆ గదిలో పెళ్లి పాటలు, ఎన్నికల పాటలు రికార్డు చేసి బతికేది. మా ర్యాప్‌ను నమ్మి చోటిచ్చిన మొదటి మనిషి ఆమే.

మేం ముగ్గురం. నేను రాసి పాడేదాన్ని. మహబూబాబాద్ వినోద్ మిర్చి యార్డు అరుపులు, రైలు మోతలు ఫోన్లో పట్టుకొచ్చి వాటితోనే బీటు కట్టేవాడు. మూడోవాడు భూపాలపల్లి శ్రీకాంత్, నాతో కలిసి పాడేవాడు. అతని తండ్రి బొగ్గుగనిలో కప్పు కూలి చనిపోయాడు. మా ఆల్బమ్‌లో చివరి పాట ఆయన మీదే. అందులో బీటు ఠక్కున తెగిపోయి ఒక ఆడమనిషి ఏడుపు వినిపిస్తుంది. విన్న ప్రతిసారీ మాకు ఒళ్లు జలదరించేది.

విడుదల తేదీ అందరికీ చెప్పేశాక, అక్క ఆ ఏడుపు దగ్గర పాట ఆపింది.

"గిది ఎవరిది?"

"మా అవ్వది. నాయిన సంవత్సరీకం నాడు ఫోన్ల రికార్డు చేసిన," అన్నాడు శ్రీకాంత్.

"ఆమెకు ఎరుకేనా?"

తల్లికి తెలియదన్నట్టు అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆమె వినేదాక పాట బయటికి పోదు."

"వద్దంటే ఎట్లక్కా?" వినోద్ గొంతు లేచింది.

"వద్దంటే వద్దే."

"సచ్చింది మా నాయిన, నీ నాయిన కాదు!" అని శ్రీకాంత్ అరిచాడు. అక్క ముఖం పాలిపోయింది. అయినా పాట ఉన్న పెన్‌డ్రైవ్ పర్సులో వేసుకుని, "నడువుండ్రి," అంది. అందరం భూపాలపల్లి బస్సెక్కి శ్రీకాంత్ ఇంటికి వెళ్లాం.

శ్రీకాంత్ తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, అక్క తన చేతులతోనే ఆమెకు హెడ్‌ఫోన్లు పెట్టింది. మేం గుమ్మంలో నిలబడ్డాం. కాసేపటికి ఆమె వేళ్లు మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాయి. హెడ్‌ఫోన్లు తీసి కొడుకును చూసింది.

"గింతమంది ముంగట నన్ను ఏడిపిస్తవారా?"

శ్రీకాంత్ గోడవైపు తిరిగిపోయాడు. ఆమె అక్కను అడిగింది: "చెల్లె, గా ఏడుపు తీసేస్తే పాట ఖరాబైతదా?"

"కాదక్కా. ఆడ ఖాళీ ఉంటది."

"ఖాళీనే ఉంచుండ్రి. ఆయన పోయినంక మా ఇల్లు గట్లనే ఉంటది."

అలాగే విడుదల చేశాం. "ఇది పాటా, మైకు టెస్టింగా?" అని విన్నవాళ్లు కామెంట్లలో రాశారు. హైదరాబాద్‌లో పాటల సమీక్షలు రాసే ఒకాయన ఆల్బమ్ అంతా మెచ్చుకుని, ఆ ఖాళీని మాత్రం సాంకేతిక లోపమన్నాడు. ఏదో ఒక శబ్దంతో దాన్ని నింపేద్దామని వినోద్ గొడవపడ్డాడు. అక్క ఒప్పుకోలేదు.

జనగామ ప్రదర్శనలో ఆ చోటు రాగానే ఈలలు మొదలయ్యాయి. "మైకు పోయింది!" అని కేకలు. నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చి అక్క భుజం కుదిపాడు. మిక్సర్ మీది చెయ్యి ఆమె కదపలేదు. వేదిక మీద నేను ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాను. అంతలో వెనక వరుసలోంచి ఎవరో ఆడమనిషి, "జర ఆగుండ్రి," అంది. ఒక్కొక్క గొంతే అణిగింది. బీటు తిరిగొచ్చేసరికి కొందరు లేచి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం కదల్లేదు. నేను చివరి చరణం పాడాను.

అక్క పోయాక ఆ గదిని నేనే నడుపుతున్నాను. మొన్న జఫర్‌గఢ్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, చనిపోయిన కూతురి మీద పాట పాడింది. అలాంటి గొంతు నా మైకు ముందుకు ఎప్పుడూ రాలేదు. ఆమెకు వినిపించాను. మొత్తం విని, "వద్దు బిడ్డా. ఒక్కపారి పాడిన, సాలు," అంది. ఆమె చూస్తుండగానే ఆ రికార్డింగ్ చెరిపేశాను.