హోర్ముజ్‌లో పొద్దు కుంకే దిక్కు

మా తమ్ముడు "ఏం లేదక్కా" అన్నాడంటే ఏదో ఉందన్నమాటే. చిన్నప్పుడు కాలవలో పడి, తడి చొక్కా పిండుకుంటూ వచ్చి కూడా అదే మాట అన్నాడు.

వాడు చమురు ఓడలో వంటవాడు. హోర్ముజ్ దగ్గర గొడవలు మొదలైనప్పుడు వాడి ఓడ ఆ జలసంధికి లోపల, పర్షియన్ గల్ఫ్‌లో ఉండిపోయింది. అక్కణ్ణుంచి బయటి సముద్రంలోకి అదొక్కటే దారి. ఒక పక్క ఇరాన్, ఇంకో పక్క ఒమాన్. తణుకు బడిలో ఏళ్ల తరబడి ఆ ఇరుకు దారిని బోర్డు మీద గీసి, మన వంటింటి గ్యాస్ కూడా అటునుంచే వస్తుందర్రా అని చెప్పినదాన్ని. అప్పుడది గీతే. ఇప్పుడు దాని వెనక మా తమ్ముడున్నాడు.

ఒక సాయంత్రం వీడియో కాల్ చేశాడు. "దాటేశామమ్మా. ఫుజైరా దగ్గర లంగరేశాం. ఇంక భయం లేదు."

ఇక్కడ అప్పటికే చీకటి పడిపోయింది. అమ్మ ఫోన్ దగ్గరికొచ్చి, "ఏదీ, మీ వైపు పొద్దు చూపించరా" అంది. వాడు ఫోన్ తిప్పాడు. ఎర్రటి సూర్యుడు నీళ్లలోకి దిగుతున్నాడు. అమ్మ మురిసిపోయింది. అంతర్వేదిలో సముద్రంలోంచి పొద్దు పొడవడం చూసిన మనిషే గానీ, అందులో కుంకడం ఎన్నడూ చూడలేదు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఫుజైరా జలసంధి దాటాక వచ్చే రేవు; దానికి సముద్రం తూర్పున, పడమట కొండలుంటాయి. అక్కడ పొద్దు నీళ్లలో ఎలా కుంకుతుంది? మా ఇంట్లో మంచం జరపాలన్నా తూర్పుకా పడమటికా అని అడుగుతాం. అలాంటి ఇంట్లో పుట్టి, అబద్ధమాడేటప్పుడు దిక్కులు మరిచాడు వెధవ!

పెరట్లోకి వెళ్లి నేనే ఫోన్ చేశాను. "లోపలే ఉన్నావు కదరా?"

"అమ్మకి చెప్పకక్కా. మొన్నే కదా గుండెకి స్టెంట్ వేశారు."

చెప్పలేదు. రోజూ అదే నీళ్లు, అదే సూర్యుడు. అమ్మ నవ్వేది, నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

ఒకరోజు "ఈసారి నిజంగా దాటామక్కా" అని మెసేజ్ పెట్టాడు. నమ్మితే ఒట్టు. సాయంత్రం వాడు కాల్ చేయగానే, "ముందు పొద్దు చూపించు" అన్నాను. ఫోన్ తిప్పాడు. నల్లటి కొండల వెనక వెలుతురు తగ్గిపోతోంది.

"అయ్యో, ఇవాళ ఈ కొండలేంట్రా అడ్డొచ్చాయి? ఏం బాగోలేదు" అంది అమ్మ.

నాకు కన్నీళ్లు ఆగలేదు. "తిప్పకురా, అలాగే పట్టుకో" అన్నాను.