గట్టు మీద బూట్లు

నాన్న సంవత్సరీకానికి ఒక ఫొటో పెద్దది చేయించాలని అమ్మ అనుకుంది. నాన్న వయసులో ఉన్నప్పటిది ఇంట్లో ఒక్కటే ఉంది. యుద్ధకాలంలో సిపాయిగా బర్మా వెళ్లినప్పుడు పంపింది. నలుగురు సిపాయిలు వరిమడిలో మోకాళ్ల మీద కూర్చుని తుపాకులు ఎక్కుపెట్టి ఉంటారు. చివరివాడు నాన్న.

అప్పటికి అమ్మకు పెళ్లయి ఏడాది కాలేదు. ఆ ఫొటో వచ్చాక చాలాకాలం ఉత్తరం లేదు. సంగం జాగర్లమూడిలో మా ఇంట్లో దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టుకుని, ఆ తుపాకులకు ఎదురుగా ఎవరున్నారో అని రోజూ భయపడేదట. నాన్న తిరిగొచ్చాక పాతికేళ్లు వ్యవసాయం చేశాడు గానీ ఆ ఫొటో సంగతి ఎన్నడూ చెప్పలేదు. అడిగితే, అక్కడా బురదే, ఇక్కడా బురదే అనేవాడు.

రేపల్లె నుంచి వచ్చిన బాబాయి ఫొటోను కిటికీ దగ్గర పెట్టి చూశాడు. అన్నంటే ఆయనకు ప్రాణం. కానీ నోరు ఊరుకోదు.

"ఇది యుద్ధంలో తీసింది కాదు వదినా, కూర్చోబెట్టి తీసింది. నాలుగు తుపాకుల ముందు నిలబడ్డానికి ఆ ఫొటో తీసేవాడికి పెళ్లాం పిల్లలు లేరా ఏంటి?"

అమ్మ నవ్వలేదు. బాబాయి వెళ్లాక ఫొటో నా చేతికిచ్చింది. నేనప్పుడు బాపట్లలో స్కూల్లో చరిత్ర చెబుతున్నాను.

"నువ్వు చూసి చెప్పమ్మాయ్. నా మనసు కోసం మాత్రం చెప్పొద్దు."

అన్నాళ్ల భయం ఉత్తదేనా అన్నది ఆమె పైకి అడగని మాట.

బాపట్లలో భూతద్దం పెట్టి చూశాను. ముఖాలను బట్టి ఏమీ తేలలేదు. మూలన గట్టు మీద నేను ఇన్నాళ్లూ మట్టిపెళ్లలనుకున్నవి మాత్రం బూట్లు. జత పక్కపక్కనే, ముందుభాగాలు మడికి కాక బయటికి తిరిగి ఉన్నాయి. మిగతా ముగ్గురి బూట్లు వాళ్ల కాళ్లకే ఉన్నాయి.

మా వైపు చెప్పులతో మడిలో దిగరు. నాన్న గట్టు మీద విప్పి, పైకి రాగానే తొడుక్కునేలా ఇంటివైపు తిప్పి పెట్టేవాడు. అన్నం తెచ్చే అమ్మ, ఏ మడిలో ఉన్నాడో ఆ చెప్పుల్ని చూసే పోల్చుకునేది. అది గుర్తొచ్చాక కాసేపు అద్దంలోంచి నాకేమీ కనబడలేదు.

ఎదురుగా శత్రువు ఉంటే ఏ సిపాయీ బూట్లు విప్పి సర్దిపెట్టడు. బాబాయి చెప్పిందే నిజం.

ఆదివారం ఇంటికెళ్లి అదే చెప్పి, భూతద్దం ఇచ్చాను. అమ్మ చాలాసేపు చూసింది. బాధపడుతుందనుకున్నాను.

"అయితే ఆ పూట ఆయనకు ఏ భయమూ లేదన్నమాట," అంది. మళ్లీ కాసేపు చూసి, "ఊరు కాని ఊళ్లో, ఎవరిదో మడి. అయినా విప్పారు చూడు," అని నవ్వింది.

ఇద్దరం తెనాలి స్టూడియోకి వెళ్లాం. ముఖం వరకు ఉంచి మిగతాది తీసేస్తే బాగా వస్తుందన్నాడు స్టూడియో ఆయన. మూలన ఏవో మరకలు కూడా ఉన్నాయి, అవీ పోతాయన్నాడు.

అమ్మ బల్ల మీదికి వంగి ఆ మరకల పక్కన వేలు పెట్టింది.

"ముఖం చిన్నదైనా ఫర్వాలేదు నాయనా. ఇవి మాత్రం ఉండనీ."