తోక లేని ఇత్తడి చేప

నలభయ్యో దశకంలో, పెళ్లయిన కొత్తలో, చిలికా సరస్సు చూద్దామని మా ఆవిడతో కలిసి అనకాపల్లి నుంచి దాని ఒడ్డున ఉన్న రంభ అనే ఊరు వెళ్లాను. అక్కడ రైల్వేలో పనిచేసే మా బావమరిది, భోజనానికి ముందు, ఇత్తడి చేపలు పోతపోసే కంచరి ఇంటికి తీసుకెళ్లాడు.

మా ఊరి బెల్లం మార్కెట్లో ఎవరి దిమ్మనైనా అడక్కుండా గిల్లి, నోట్లో వేసుకుని, తీర్పు చెప్పేయడం మాకు అలవాటు. కంచరి పీట మీద బెల్లం రంగులో నిగనిగలాడే చేప కనబడింది. బెల్లంతోనే చేశాడనుకుని, తోక విరిచి నోట్లో వేసుకుని, "పాకం ముదిరిపోనాది" అన్నాను పెద్ద షావుకారులా.

"ఊసెయ్ బావా! అది బెల్లం కాదు, గుగ్గిలం కలిపిన మైనం! దాని మీద మట్టి మెత్తి, మైనం కరగబెట్టి తీసేసి, ఆ ఖాళీలో ఇత్తడి పోత్తారు!" అని బావమరిది అరిచాడు.

ఊసేదెక్కడ? పై పళ్లూ కింది పళ్లూ అతుక్కుపోయాయి. "నోరు తెరవండీ! ఏటైపోనాదండీ!" అని మా ఆవిడ ఏడుపు. ఆ పూట సరస్సు రొయ్యల కూర అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను వేన్నీళ్లు పుక్కిలిస్తూ వాసన చూశాను.

కక్షో, కొంటెతనమో, కంచరి ఆ చేపను అలాగే పోతపోసి పంపాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దీని తోకేదని ఎవరైనా అడిగితే, మా ఆవిడ నా వైపు చూపించి, "ఆయన్నడగండి, రుసి ఆయనకే తెలుసు" అంటుంది.